ఏనుగుమల్లమ్మ కొండమీద ఇరువది దినములు



పోయిన నెల ఈ పుటలో నా లేఖ మీకు కనబడలేదు. ఆరోగ్యమెట్లున్నదని కొందరు సోదరీమణులు విచారించిరి. వారికి నా కృతజ్ఞతలు. నాకేమియు గాలేదు. నేను విశ్రాంతికై కొండమీద నుంటిని. అచ్చట నాకు వ్రాయుటకు తీరిక చిక్కలేదు. ఇది విని మీరు నవ్వుదురు గాని జరిగినది మాత్రము నిజము.

మా వదినగారు కార్తికమాసములో దీర్ఘజ్వరమునుండి లేచిరి. గాలి మార్పు మేలు చేయునని వైద్యులు చెప్పగా, మా యన్నగారు మదనపల్లె సమీపముననున్న హార్సిలీ కొండమీద ధనుర్మాసములో ఇరువది దినములకు విడిదియిల్లు కుదిర్చిరి. తోడు నేను పోవలసి వచ్చెను. మావారికి పాఠశాల, పిల్లలకు చదువులు. ఇల్లెట్లని నేను తటపటాయించుచుండగా మా అత్తగారు, "వంటిల్లు నాకేమన్నా కొత్తా? నువ్వు రాకముందు ముప్ఫయ్యేళ్లు వండాను. పోయి రా అమ్మాయీ" అనిరి. ఆమాటకు సంతోషించితిని. అయినను, నేను లేకున్నను ఇల్లు నడచునను నెరుక మొదటి దినమున మనసులో గొంచెము గుచ్చుకొన్నది. మీయొద్ద దాచుట యెందుకు?

ఆ కొండ అసలు పేరు ఏనుగుమల్లమ్మ కొండ. మల్లమ్మ యను బాలికను ఏనుగులు పెంచినవనియు, ఆమె కొండజనుల రోగములను మాన్పుచుండి ఒకనాడు కనబడకుండ బోయెననియు అచ్చటివారు చెప్పుదురు. ఆమెకు అచ్చట గుడియున్నది. 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్సిలీ దొర వేసవి తాపమునకు తాళలేక అచ్చట ఇల్లు కట్టించుకొనెను. నాటినుండి కొండకు దొర పేరు నిలిచినది. మల్లమ్మ పేరు స్థానికుల నోట మిగిలినది. సముద్రమునకు నాలుగువేల అడుగులకు పైబడిన యెత్తు. రాయలసీమ యెండలలో పుట్టి పెరిగినవారికి ఆ మంచు, ఆ యూకలిప్టసు చెట్ల వాసన వేరొక దేశమువలె దోచును. తెల్లవారుజామున కిటికీ తెరచిన మబ్బు లోనికి వచ్చుచుండెను. కోతులును వచ్చుచుండెను, వాని దౌష్ట్యము వర్ణింప బూనిన ఈ పుట చాలదు. గాలిబండ యను రాతిమీద నిలిచిన చీర కొంగును పట్టుకొనుటయే పెద్ద పని.

విడిదియిండ్లలో మావలెనే నెలకో, పక్షమునకో వచ్చిన కుటుంబములు అయిదారు గలవు. అనంతపురమునుండి వచ్చిన సంగీతపు పంతులమ్మగారు బాలికల పాఠశాలలో జీవితమంతయు బోధించి విశ్రాంతి పొందినవారు. బెంగుళూరినుండి వచ్చిన కన్నడ సోదరి యొకరు. బ్యాంకిలో నుద్యోగము చేయుచు సెలవుమీద వచ్చిన యువతి యొకతె. కావలినుండి కుమారునితో వచ్చిన ముసలమ్మగారు. ఆమెను అందరమును కావలి బామ్మగారని పిలిచితిమి. రెండవనాటి సాయంకాలము వరండాలో కూర్చుండగా పంతులమ్మగారు నన్ను, "మీ పేరేమి?" అని యడిగిరి. "మాస్టారిగారి భార్యను" అంటిని. "అది ఆయన పేరు గదా" అనిరి. మా యూరిలో నా పేరు చెప్పవలసిన పని పడి యెన్నియేండ్లయ్యెనో!

పంతులమ్మగారు ఖాళీగా కూర్చుండు స్వభావము గలవారు గారు. మూడవనాడు పొద్దుట ఎనిమిది గంటలకు మమ్ము వరండాలో చాపమీద వరుసగా గూర్చుండబెట్టి సంగీతపు తరగతి తెరచిరి. వచ్చినవారిలో కొందరికి కీర్తనలు తెలియును. అయినను ఆమె అందరిని సరళివరుసలయొద్దనే నిలిపిరి. మన పెద్దలు మాయామాళవగౌళలో మొదట నేర్పుటకు ఆమె చెప్పిన కారణము నాకు నచ్చినది. ఆ రాగమున షడ్జమునకు శుద్ధరిషభ మెంత దగ్గరనున్నదో, పంచమమునకు శుద్ధధైవత మంత దగ్గర. రిషభమునుండి గాంధారమునకు ఎంత యెడమున్నదో, ధైవతమునుండి నిషాదమునకు నంతయే. మెట్లు రెండు సగములందును ఒక్క తీరుననుండుటచే గొంతు తానే దారి నేర్చుకొనును.

శ్రుతి విషయమున చిన్న రగడ జరిగినది. బ్యాంకి సోదరి కయిదు శ్రుతి సుఖము. బామ్మగారి గొంతు అంత పైకి లేవదు. పంతులమ్మగారు శ్రుతిపెట్టెను నాలుగునకు దించి, "అందరికన్న తగ్గు గొంతు ఏదో, అదే మన శ్రుతి" అనిరి. పడుచువారు కొంత గొణిగిరి. నాలుగుదినములు గడచినపిదప గొణుగుడు మానిరి; మంద్రస్థాయిలో పాడినప్పుడే ఎవరి తప్పు వారికి వినబడుచున్నదని వారే యొప్పుకొనిరి.

నాకైతే, పెండ్లినాటినుండి మంగళహారతి తప్ప నోట పాటలేదు. మొదటిదినమున పై షడ్జమును పట్టబోగా గొంతు చీలినది. నలుగురును విన్నారు. ఎవరును నవ్వలేదు. ముప్పదియైదేండ్ల వయసున తప్పు పాడి, మరల పాడుమని యొకరు చెప్పగా మరల పాడుట యెంతటి సుఖమో నేనెరుగను. ఇంటిలో మన తప్పులను మరల చేయనిచ్చువారు లేరు. పులుసులో ఉప్పెక్కువైన నది అందరి విస్తళ్లలోనికి బోయినదే.

ఇక నా తరగతి మాట. నేను మా తండ్రిగారియొద్ద భారత భాగవతములు చదువుకొన్నదాననని వదినగారు చెప్పివైచిరి. అంతట మధ్యాహ్నపు తరగతి నాపై బడినది. ఆ సీమకు తగినట్లు తాళ్లపాక తిమ్మక్కగారి సుభద్రాకల్యాణము చదువుదమంటిని. తిమ్మక్కగారు అన్నమాచార్యులవారి యిల్లాలు, తాళ్లపాక రాజంపేటయొద్దనున్నది. మన తొలి కవయిత్రి యని ఆమెను పెక్కుమంది చెప్పుదురు. ఆ కావ్యము మంజరీద్విపద. ద్విపదకు పాదమున మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము మొదటి యక్షరము యతిస్థానము. ప్రాస నియమము లేనిది మంజరి. నల, నగ, సల, భ, ర, త అను నారు ఇంద్రగణములను, న, హ అను రెండు సూర్యగణములను పలకమీద పట్టికగా వ్రాసితిని. బెంగుళూరు సోదరి ద్విపదనంతయు కన్నడలిపిలో వ్రాసికొని మాకన్న తప్పులు లేకుండ చదివెడిది. నాకు గర్వము గలిగెను. దాని ఫలము త్వరలోనే వచ్చినది.

ఎనిమిదవనాడు బామ్మగారు, "మీ ద్విపద విన్నాము గదా, నాకొచ్చిన పాట వినండి" అని ఊర్మిళాదేవి నిద్ర ఎత్తుకొనిరి. మన అమ్మమ్మలనుండి వచ్చిన పాట యది. మీలో పెక్కుమంది వినియుందురు. పతి వనవాసమునకు బోగా ఊర్మిళ పదునాలుగేండ్లు నిదురించుట, పట్టాభిషేకానంతరము లక్ష్మణుడు వచ్చి లేపగా పరపురుషుడని యామె యాతని గద్దించుట అందలి కథ. బామ్మగారు కన్నులు మూసికొని పాడుచుండిరి. "లచ్చన్న" అని యొకచో రాగా నేను ఊరకుండలేక, "లక్ష్మణుడు అనవలెను బామ్మగారూ" అంటిని. అంతటితో నాగితినా? ఈ కథ వాల్మీకమున లేదని గూడ జేర్చితిని.

బామ్మగారు కన్నులు తెరచిరి. "మా అమ్మ ఇట్లాగే పాడింది తల్లీ. నాకు చదువు రాదు" అని చాపమీదినుండి లేచిరి. మరునాడు తరగతికి రాలేదు. ఆ మరునాడును రాలేదు. నడుము నొప్పియని కుమారుడు చెప్పెను.

మూడవనాడు పంతులమ్మగారు నన్నొంటిగా బిలిచి, నా పట్టికయున్న పలకను నాచేతికిచ్చి, "లచ్చన్న ఏ గణమో లెక్కపెట్టండి" అనిరి. రెండు గురువులు, ఒక లఘువు, త గణము. "లక్ష్మణుడు?" ఒక గురువు, మూడు లఘువులు. పట్టికలోని ఆరింటిలో అది లేదు. పాట ఏ ఛందస్సున నడిచినను, బామ్మగారు అన్నమాటలో నడక యున్నది. నేను దిద్దినమాట ఆ నడకను విరుగగొట్టినది. వ్రాత చదివినదానను నేను. లెక్క తప్పినదానను నేనే. పంతులమ్మగారు మరేమియు ననలేదు. అనియుండిన బాగుండెడిది.

ఆ మధ్యాహ్నమే వదినగారి మందులకై మదనపల్లెకు దిగితిమి. బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలను మా యన్నగారు చూపిరి. 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరుగారు అచ్చట కొన్నిదినములు విశ్రమించిరి. కళాశాలాధ్యక్షుడు జేమ్సు కజిన్సుగారు ఐర్లండుదేశపు కవి. ఆయన భార్య మార్గరెట్టమ్మగారు ఆ దేశముననే సంగీతమున పట్టము పొందినవారు. ఒక సాయంకాలము ఠాకూరుగారు 1911లో తాము రచించిన జనగణమనను అచ్చట పాడిరి. విద్యార్థులును గొంతు కలిపిరి. ఆ దినములలోనే ఆయన దానిని ఆంగ్లమున ననువదించిరి. మార్గరెట్టమ్మగారు దానికి స్వరము వ్రాసియుంచిరి. ముప్పదియొక్క యేండ్లకు, 1950 జనవరి 24వ తేదీన, అది మనకు జాతీయగీతమైనది. ఈ కథ నేను మునుపు విన్నదే. ఆనాడు మాత్రము నాకు ఠాకూరుగారికన్న ఆ పంతులుగారి భార్యయే మనసున నిలిచిరి. భాష తనది గాదు, పాట తనది గాదు. విన్నది విన్నట్లు వ్రాసికొన్నది.

కొండకు తిరిగి వచ్చునప్పటికి దీపములు పెట్టిరి. కాళ్లు కడుగుకొనకయే బామ్మగారి విడిదికి బోయితిని. ఆమె మంచముమీద కంబళి కప్పుకొని కూర్చుండిరి. "బామ్మగారూ, నాది తప్పు" అంటిని. "నడుము నొప్పేలే" అనిరి. కొంతసేపు ఇరువురము మాటలాడలేదు. "మీ పాట నాకు చెప్పుదురా? మీరు పాడినది పాడినట్లు వ్రాసికొందును. ఒక్క అక్షరము దిద్దను" అంటిని. ఆమె నావంక చూచి, "మా కోడళ్లకు అక్కరలేదు. మనవరాళ్లకు తెలుగే సరిగా రాదు. నీకెందుకమ్మా?" అనిరి. ఆ ప్రశ్నకు నాయొద్ద నప్పుడు జవాబులేదు. "నాకు కావలెను" అని మాత్రమంటిని. మంచము పట్టెమీద చోటు చూపి, "కాగితం తెచ్చుకున్నావా?" అనిరి. తేలేదు. పరుగెత్తి వదినగారి మందుల చీటీ వెనుక మొదటి చరణము వ్రాసితిని.

మిగిలిన దినములు మా మధ్యాహ్నపు తరగతి బామ్మగారి మంచముచుట్టు జరిగెను. సుభద్ర సగములో నాగిపోయినది. తిమ్మక్కగారు క్షమింతురు గాక. బామ్మగారు పాడుదురు, పంతులమ్మగారు స్వరము గుర్తింతురు, నేను మాట వ్రాయుదును, బ్యాంకి సోదరి తన చేతిఫోనులో గొంతు పట్టియుంచును. పని యనుకొన్నంత సులభము గాదు. వ్రాసికొనుటకై ఆపిన బామ్మగారికి తరువాతి చరణము తోచదు, మొదటినుండి పాడవలెను. ఒకనాడు పాడిన మాట మరునాడు మారును. "ఏది సరి?" అన్న "రెండూ" అందురు. రెండును వ్రాసితిని. మీలో నెవరైన ఇంటి పెద్దల పాటలు వ్రాయ దలచిన ముందుగా పాట నంతయు ఫోనులో పట్టుకొని, పిదప నిదానముగా వినుచు వ్రాయుడు. మేమది తొమ్మిదిదినములు చెడిపోయినపిదప గ్రహించితిమి.

సంక్రాంతి మేము కొండమీద జేయలేదు. భోగి ముందునాడు అందరమును దిగిపోతిమి. అంతకుముందు గొబ్బెమ్మలు మాత్రము పెట్టితిమి. కొండమీద ఆవుపేడకై వెదకిన పాట్లు వేరు. బ్యాంకి సోదరి చేత పేడ పట్టి గొబ్బెమ్మ చేసిన తీరు వేరు. పూలు దొరకక యూకలిప్టసు పూవు గుచ్చితిమి. వదినగారు చుట్టు తిరిగి పాడిరి. జ్వరము తరువాత ఆమె గొంతెత్తుట అదే మొదటిసారి. మా యన్నగారు వరండాలో నిలుచుండి పత్రిక చదువుచున్నట్లు నటించిరి.

బామ్మగారు కారెక్కుచు నాచేత నొక నిమ్మకాయ పెట్టి, "మాస్టారి భార్యా, మిగతాది ఫోనులో చెబుతాలే" అనిరి. నా పేరు ఆమెకు తెలిసియే యట్లనిరని నా నమ్మకము.

ఇంటికి వచ్చునప్పటికి వంటింటి డబ్బాలన్నియు అత్తగారు తమకు దగినట్లు మార్చిరి. ఆవాలకై ఇంకను వెదకుచున్నాను. ప్రతి ఆదివారము రెండు గంటలకు కావలినుండి బామ్మగారు పిలుతురు. అత్తగారు చెంతనే పీట వేసికొని విందురు; నిన్నటి వారమున బామ్మగారు ఒకమాట మరువగా అందించినది ఆమెయే. ఇన్నియేండ్లు ఒక్కయింట నుండి, ఆమెకీ పాట వచ్చునని నేనెరుగను. ఇప్పుడు రెండు పాఠములను పక్కపక్కన వ్రాయుచున్నాను. లచ్చన్న గుమ్మము దాటి లోనికి బోయినాడు. ఊర్మిళ ఇంకను మేలుకొనలేదు.