పరుల పాట, కర్త పేరు

మన నగరములలోని కళాశాలల యుత్సవములలో నలుగురైదుగురు యువకులు కూడి, గిటారులను మెడకు దగిలించుకొని, అమెరికా దేశమున 1950 దశకమున బుట్టిన రాక్ అండ్ రోల్ పాటలను వాయించుట నేడు వింత కాదు. సొంతముగా పాటలు కట్టక, పూర్వుల పాటలనే వాయించు నిట్టి బృందములను కవర్ బ్యాండులందురు. వీరినిగూర్చి మనలో రెండు వాదములు వినవచ్చుచున్నవి. ఇది పరదేశపు టెంగిలి యనియు, దాస్యబుద్ధికి చిహ్నమనియు పెద్దలు నిందించుచున్నారు. కళకు దేశమేమి, పాట యెవరిదైన నేమి యని యువకులు బదులు చెప్పుచున్నారు. ఖద్దరు ధరించు నావంటివాడు పెద్దల పక్షమున నిలుచునని పాఠకులు తలంపవచ్చును. నేనట్లు నిలువజాలను, యువకుల వాదమును సైతము పూర్తిగా నంగీకరింపజాలను. పాట పరదేశమునుండి వచ్చుటలో దోషము లేదు. అది వచ్చుదారిలో కర్త పేరు జారిపోవుటయే దోషము.

మొదట పెద్దలకు మనవి. నేడు వయొలిను లేని కర్ణాటక సంగీతసభ కలదా? ఆ వాద్యము ఐరోపానుండి వచ్చినది కాదా? ముత్తుస్వామి దీక్షితుల సోదరులగు బాలస్వామి దీక్షితులు దానిని చేపట్టిరి. మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానిని మన జాతి కంఠముగా జేసిరి. ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయ వాద్యబృందముల బాణీలను విని, వానికి సంస్కృత సాహిత్యము కూర్చిరి. నోటుస్వరములని మనము పిలుచునవి అవియే. బ్రిటిషు రాజగీతపు బాణీ సైతము వానిలో నొకటి. పాలకొల్లున 1969లో జన్మించిన శ్రీనివాస్ విద్యుత్తుతో మ్రోగు మాండొలినుపై త్యాగరాజ కృతులను పలికించి లోకమును మెప్పించెను. వీరిలో దాసులెవ్వరు?

మఱియు నొక పొరపాటును దిద్దవలసియున్నది. ఈ గిటారు పాటలు దొరల సంగీతమని పెద్దలు భావించుచున్నారు. కాదు. అమెరికాలో బానిసలుగా అమ్ముడుపోయినవారి సంతతి, పొలములలోను దేవాలయములలోను పాడుకొన్న పాటనుండి యిది పుట్టినది. రంగభేదమువలన ఒకే రైలుపెట్టెలో గూర్చుండ నోచుకొనని జాతి, తన్ను ద్వేషించినవారి బిడ్డలచేతనే నాట్యమాడించిన సంగీతమిది. పరపాలనను ఎఱిగిన మనకు దీనియందు సానుభూతి యుండవలెను గాని రోత యుండరాదు.

ఇక అనుకరణ సులభమని తలంచువారు ఒక్కమాఱు గిటారును చేతబట్టి చూతురు గాక. ఈ పాటలలో పెక్కింటికి చట్టము ఒక్కటే: నాలుగేసి మాత్రలు గల పండ్రెండు భాగములు, వానిలో షడ్జ, మధ్యమ, పంచమములను ఆధారముగా గొన్న మూడు స్వరసముదాయములు. ఇంతే. కాని చక్ బెర్రీ యను నీగ్రో విద్వాంసుడు 1958లో వెలువరించిన 'జానీ బి. గుడ్' పాటలో, కుడిచేయి పియానోవాని యెడమచేతి నడకను మంద్రతంత్రులపై విడువక నడుపుచుండవలెను. పై తంత్రులను రెండేసిగా మీటి ప్రశ్నకు బదులన్నట్లు పలికింపవలెను. కాలము రవంత జారిన చాలు, పాట కుంటుపడును. రికార్డును నూఱుమార్లు విని, చెవితో పట్టి, వ్రేళ్లలో నిలుపుకొనుట మన శిష్యులు గురుముఖమున కృతిని నేర్చుటవంటిదే.

ఇట్టి యభ్యాసము వ్యర్థము గాదనుటకు లోకప్రసిద్ధమగు నిదర్శనము కలదు. ఇంగ్లండులోని లివర్‌పూలునుండి బయలుదేరిన బీటిల్సు బృందమువారు 1960 మొదలు 1962 వఱకు జర్మనీలోని హాంబర్గు నగరపు విహారశాలలలో రాత్రులు గంటలకొలది పరుల పాటలను వాయించుచు బ్రతికిరి. 1963లో వెలువడిన వారి తొలి గ్రామఫోను సంపుటమున పదునాలుగు పాటలుండగా అందాఱు పరులవే. ఆ సంవత్సరముననే రోలింగ్ స్టోన్సు బృందమువారి మొదటి రికార్డు చక్ బెర్రీ పాటయే. పరుల పాటలను కడుపార జీర్ణించుకొన్న పిదపనే వారి సొంతగొంతు వెలువడినది. అనుకరణ పాఠశాల. అందు చేరుట తప్పుగాదు. అందే వృద్ధాప్యము పొందుట తప్పు.

ఇప్పుడు యువకులకు మనవి. ఒక యుత్సవమున 'జానీ బి. గుడ్' పాటను చక్కగా వాయించిన కుఱ్ఱవానిని, ఈ పాట యెవరిది నాయనా యని యడిగితిని. అతడు తడుముకొనక ఒక హాలీవుడ్ చిత్రము పేరు చెప్పెను. 1985లో వచ్చిన 'బ్యాక్ టు ది ఫ్యూచర్' అను నా చిత్రమున ఒక శ్వేతబాలుడు కాలయంత్రమెక్కి 1955వ సంవత్సరమునకు బోయి, పాఠశాల నృత్యసభలో ఆ పాటను వాయించును. అక్కడి నీగ్రో వాద్యకారుడు తన జ్ఞాతియగు చక్ బెర్రీకి టెలిఫోనులో దానిని వినిపించును. అనగా సృష్టించినవాడు శిష్యుడు, ఎరవు తెచ్చుకొన్నవాడు గురువు! హాస్యమే కావచ్చును. కాని మా కుఱ్ఱవానికి మిగిలినది ఆ హాస్యమొక్కటియే, సత్యము మిగులలేదు.

సత్యమేమి? చక్ బెర్రీ తొలి రికార్డు 'మేబెలీన్' 1955లో వెలువడినప్పుడు, దానిని కట్టుటలో పాలుపంచుకొనని మఱి యిద్దఱి పేర్లు కర్తల పట్టికలో జేరినవి. వారిలో నొకడు ఆ పాటను రేడియోలో మాటిమాటికి వినిపించిన ప్రసారకుడు. ఆ పాటపై పూర్ణహక్కు బెర్రీకి మరల దక్కుటకు 1986 వఱకు పట్టినది. లిటిల్ రిచర్డు 1955లో గర్జించిన 'టూటీ ఫ్రూటీ' పాటను మఱుసటి యేడు ప్యాట్ బూన్ అను శ్వేతగాయకుడు మెత్తపఱచి పాడగా, ఆ మెత్తని పాటయే పట్టికలో పై మెట్టెక్కినది. 'హౌండ్ డాగ్' పాటను లైబర్, స్టోలర్ అను నిద్దఱు శ్వేతయువకులు బిగ్ మామా థార్న్‌టన్ అను నీగ్రో గాయనికొఱకే వ్రాసిరి. ఆమె 1952లో పాడినది. 1953లో రికార్డు వెలువడినది. 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడిన పిమ్మట లోకమునకు అది అతని పాటయైనది. రేడియోలో రికార్డును వేసినప్పుడు పాట వ్రాసినవారికి కొంత ముట్టునే గాని, పాడినవారికి ఆనాటి అమెరికా చట్టము చిల్లిగవ్వ నిప్పింపలేదు.

అయినచో బెర్రీ ఒక్కడే యన్నిటికి కర్తయా? న్యాయవాదిని గనుక ప్రతిపక్షమును దాచరాదు. 'మేబెలీన్' పాటకు 'ఐడా రెడ్' అను పాత జానపదగీతము మూలము. 'జానీ బి. గుడ్' ఆరంభమున మ్రోగు ప్రసిద్ధ గిటారు వరుస, 1946లో లూయీ జోర్డన్ రికార్డులో కార్ల్ హోగన్ వాయించినదానినుండి వచ్చినది. బెర్రీకి చిరకాలము పియానో వాయించిన జానీ జాన్సన్, అనేక గీతముల కల్పనలో తనకును భాగము కలదని 2000లో దావా వేసెను; కాలాతీతమైనదని 2002లో న్యాయస్థానము దానిని కొట్టివేసెను. ఆయన వాదము సత్యమా, యసత్యమా యని విచారణయే జరుగలేదు. చట్టమునకు గడియారమున్నది, కృతజ్ఞతకు లేదు. న్యాయస్థానము చేయజాలని పనిని వేదికపై నిలిచిన బాలుడు ఒక్క వాక్యముతో చేయగలడు.

మన పెద్దలు ఈ చిక్కును ఏనాడో విప్పిరి. క్షేత్రయ్య పదమున మువ్వగోపాలుని పేరు, త్యాగరాజ కృతి చరణమున త్యాగరాజు పేరు ముద్రగా నుండును. పాడువాడు ఎంతటి విద్వాంసుడైనను ఆ పేరు నుచ్చరింపక పాటను ముగింపజాలడు. ఆలోచించినచో మన సంగీతసభలన్నియు పూర్వుల కృతులను పాడు సభలే. పరుల పాటను పాడుట మనకు సిగ్గు కాలేదు. పేరు చెప్పకుండుటయే సిగ్గు. రాక్ అండ్ రోల్ పాటకు ముద్ర లేదు గాన, వాయించువాడే ముద్ర వేయవలెను.

మన చట్టము సైతము ఈ ధర్మమును కొంత గ్రహించినది. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము కర్త మరణానంతరము అఱువది యేండ్లు హక్కు నిలుచును. బెర్రీ 2017లో మరణించెను గాన, అతని పాటలపై హక్కు మనదేశమున 2077 చివరివఱకు నుండును. ఔత్సాహిక సంఘము శ్రోతలవద్ద రుసుము గొనక వాయించినచో దోషము లేదు. టిక్కెట్లు అమ్మిన సభకును, హోటలులోని విందుకచేరికిని అనుమతి గొని, రుసుము చెల్లింపవలెను. పాటను అమ్ముకొన్న తరువాతను, ఇది నాదియని చాటుకొను హక్కు కర్తకు మిగిలియుండునని ఆ చట్టమే చెప్పుచున్నది. 2012 సవరణ ననుసరించి, పరుల పాటను మరల రికార్డు చేయువాడు అది కవరు పాటయని పైయట్టపై తెలుపవలెను. వాద్యములకును దీపములకును వేలు వెచ్చించు సభానిర్వాహకులు కర్తకు రావలసిన కొద్దిపాటి సొమ్మును ఎగవేయుట దొంగతనమే.

కావున నేను కోరునది స్వల్పము. యువకులారా, వాయింపుడు, శ్రుతి తప్పక, కాలము జాఱక వాయింపుడు. పాటకు ముందు కట్టినవారెవ్వరో, మొదట పాడినవారెవ్వరో, ఏ సంవత్సరమో ఒక్క వాక్యమున చెప్పుడు. సభాపత్రమున మీ పేర్లక్రింద వారి పేర్లు కూడ అచ్చువేయింపుడు. పది యెరవు పాటలు వాయించిన సాయంకాలమున ఒక్కటైన మీది, మీ భాషలో, వినిపింపుడు. పెద్దలారా, ఆ యొక్కటి తప్పటడుగులు వేసినను ఓర్పుతో వినుడు.

1977లో అమెరికావారు ఆకాశమునకు బంపిన రెండు వాయెజర్ నౌకలలో మానవజాతి సంగీతమును నింపిన బంగారుపూత రికార్డులను ఉంచిరి. అందు మన కేసర్‌బాయి కేర్కర్ ఆలపించిన భైరవి కలదు. చక్ బెర్రీ వాయించిన 'జానీ బి. గుడ్' కలదు. ఆ రెండు జాతులును ఒకనాడు పరుల పాదముల క్రింద నలిగినవే. అంతదూరము పోయిన పాటకు ఇక్కడ, మన కళాశాల వేదికపై, కర్త పేరు లేకుండుట మనకు తగునా?