సమస్యతో పాటే పూరణ కూడానా?

అవధానంలో పృచ్ఛకుడు ఒక సమస్య ఇస్తాడు. ఆ పాదం చూడబోతే అసంగతంగానో అసభ్యంగానో ఉంటుంది. తక్కిన పాదాలతో అవధాని ఆ వైరుధ్యాన్ని విడగొట్టి ఒప్పుదలయిన అర్థాన్ని సాధిస్తాడు. అలా కాక, పృచ్ఛకుడు పూరణ కూడా చీటీ మీద రాసి తెచ్చి "అవధానిగారూ, దీన్ని గడగడా అప్పజెప్పండి" అంటే ఆ సభలో ఎవరు కూర్చుంటారు? మన బడుల్లో ఆరు మొదలు ఎనిమిది తరగతుల దాకా సాగుతున్న గణితబోధన చాలావరకు ఈ చీటీ వ్యవహారమే.

మా బంధువులమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా పరీక్షలో ఒక లెక్క వచ్చింది. సమలంబ చతుర్భుజపు సమాంతర భుజాలు 6, 10 సెంటీమీటర్లు, ఎత్తు 4. వైశాల్యమెంత? సూత్రం గుర్తుకు రాక ఆ పిల్ల ఒక కర్ణం గీసింది. రెండు త్రిభుజాలు వచ్చాయి. ఒకటి 12, రెండోది 20, మొత్తం 32 చదరపు సెంటీమీటర్లు. జవాబు సరి. కాని పక్కన ఎర్రసిరాతో "సూత్రమేదీ?" అని రాసి ఒక మార్కు కోశారు. ఆ సూత్రం ఎక్కడ పుట్టిందో ఆ కర్ణమే చెబుతోంది గదా, మహాప్రభో!

దారి అదొక్కటే కాదు. అదే ఆకారాన్ని అట్టలో రెండు కత్తిరించి, ఒకదాన్ని తలకిందులు చేసి పక్కన చేర్చితే 16 భూమి, 4 ఎత్తు గల సమాంతర చతుర్భుజం అవుతుంది. అందులో సగం 32. లేదా ఒకే అట్టను సగం ఎత్తున అడ్డంగా కోసి, పైముక్కను తిప్పి కిందిదాని పక్కన పెడితే భూమి 16, ఎత్తు 2. మళ్ళీ 32. తెలియని ఆకారాన్ని తెలిసిన ఆకారంగా మార్చడమన్న ఈ ఒక్క ఉపాయం పట్టుబడ్డ పిల్లకు రేపు మరో బహుభుజి ఎదురైనా భయముండదు. సూత్రం మాత్రమే తెలిసిన పిల్లకు ఆ సూత్రం మరచిన రోజున ఏమీ మిగలదు.

"ఇదంతా పుట్టుకతో తెలివైన పిల్లలకయ్యా" అనేవారున్నారు. సోవియట్ ఇంజనీరు గేన్రిఖ్ ఆల్ట్‌షుల్లర్ పేటెంట్లను వేల సంఖ్యలో పరిశీలించి, నూతన కల్పన దైవదత్తమైన మెరుపు కాదనీ, వైరుధ్యాన్ని గుర్తుపట్టి తొలగించే విద్య అనీ, అది నేర్పదగినదేననీ వాదించాడు. అంతటితో ఊరుకోక పిల్లల పత్రికలో అలాంటి సమస్యలిచ్చి వారిచేత సాధింపజేశాడు.

నేర్పకపోతే ఏమవుతుందో కూడా తెలిసిందే. 1980 ప్రాంతంలో ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో చిన్నపిల్లలను ఇలా అడిగారు: ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెను వయసెంత? 97 మందిలో 76 మంది ఆ అంకెలనే కలిపో తీసో ఏదో ఒక వయసు చెప్పారు. లెక్క అంటే అంకెలు పట్టుకుని ఏదో ఒకటి చేయడమేనని వారికి అప్పటికే అలవాటు చేశారన్నమాట. మనవాళ్ళు ఆ అలవాటుకే ఆరో తరగతి నుంచి "ఐఐటీ ఫౌండేషను" అని పేరుపెట్టి ఫీజు వసూలు చేస్తున్నారు!

ఎక్కాలు వద్దని నేననను. ఏడెనిమిళ్ళు ఎంతో తడుముకునే పిల్లవాడు ఏ ఉపాయమూ చివరిదాకా నడపలేడు. సూత్రాలూ కావాలి, నా తగవంతా వరుస గురించే. ముందు పిల్ల తికమకపడాలి, తర్వాత తంటాలు పడాలి, సూత్రం ఆ పైన రావాలి. సిలబసు పూర్తి కాదంటారా? అట్టముక్కలతో ఒక పీరియడు పోతుంది, నిజమే. సూత్రాన్ని ఏటేటా మళ్ళీ బట్టీ వేయించడానికి పోయే పీరియడ్లను ఎవరైనా లెక్కించారా?

ఆ అమ్మాయి తర్వాతి పరీక్షలో సూత్రమే రాసింది. కర్ణం గీయలేదు. పూర్తి మార్కులిచ్చారు.