బుడుగు నచ్చలేదంటే తెలుగువాడు కాకుండా పోతాడా?

ముందే చెప్పేస్తున్నాను, ఈ టపా బుడుగుని తిట్టడానికి కాదు. బుడుగు పేరు చెప్పి ఎదుటివాళ్ళని తిట్టేవాళ్ళ కోసం. టైటిల్ చూసి కర్ర పట్టుకొచ్చినవాళ్ళు చివరిదాకా చదివి, అప్పుడు కొట్టండి :)

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఓ తెలుగు బ్యాచ్ ఉంది. మొన్నామధ్య ఒకాయన వాళ్ళబ్బాయి పుట్టినరోజుకి బుడుగు కొనిచ్చానని గొప్పగా చెప్పాడు. పక్కనున్నావిడ మామూలుగా, "నాకెందుకో అది ఎక్కలేదండీ, సగంలో ఆపేశా" అంది. పాపం ఆవిడ చేసిన నేరమల్లా అదే. ఇంక మొదలు. "బుడుగు నచ్చకపోవడమేంటండీ!" "మీది ఇంగ్లీషు మీడియమా?" "మీది గోదావరి జిల్లా కాదు కదా, అందుకే." ఆవిడది కర్నూలు. కర్నూలువాళ్ళకి నవ్వు రాదని నాకు ఆ రోజే తెలిసింది.

మాది అంతర్వేది. మా మండలం సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం, అంటే బొమ్మలేసిన బాపు పుట్టిన ఊరు (1933). రాసిన ముళ్ళపూడి వెంకటరమణ పుట్టింది ధవళేశ్వరం (1931), అదీ ఇదే గోదారి మీద, కాస్త ఎగువన. కాబట్టి బుడుగు విషయంలో గోదావరి కోటా అనేది నిజంగా ఉంటే నాకు మొదటి వరసలోనే సీటు రావాలి. ఆ సీట్లో కూర్చునే చెబుతున్నా, ఒక పుస్తకం మీద అభిప్రాయం చెప్పడానికి నేటివిటీ సర్టిఫికెట్ అడగడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1950లలో ఆంధ్ర వారపత్రికలో వచ్చింది బుడుగు. ఓ అల్లరి పిల్లాడు తన ఇంటి సంగతులూ, వీధి సంగతులూ తన మాటల్లో తనే చెప్పుకుపోతుంటాడు. అమ్మ రాధ, నాన్న గోపాళం, వెనకేసుకొచ్చే బామ్మ, ప్రేమలో పడ్డ బాబాయి, రెండుజెళ్ళ సీత, పక్కింటి లావుపాటి పిన్నిగారు, ఆవిడ 'ముగుడు', ప్రాణాల మీదకి తెచ్చుకునే ప్రైవేటు మేష్టార్లు, స్నేహితురాలు సీగానపెసూనాంబ. 1951లో అమెరికా పేపర్లలో మొదలైన డెనిస్ ద మెనేస్‌తో పోలుస్తుంటారు కానీ, ఆ పోలిక అల్లరి దగ్గరే ఆగిపోతుంది. ఆ భాష డెనిస్‌కి లేదు. దీన్ని నవల అనాలా, స్కెచ్చుల దండ అనాలా అన్నది వేరే పంచాయితీ, ఇప్పుడొద్దు.

ఇప్పుడు ఈ పుస్తకం మీద జనం ఎలా కొట్టుకుంటారో చూద్దాం. భక్తుల సంగతి పైన చెప్పాను. వీళ్ళ దగ్గర పుస్తకం కచ్చితంగా ఉంటుంది, హాల్లో గాజు తలుపుల వెనకాల. అందులోంచి నాలుగు మాటలు నోటికొచ్చు, పెళ్ళిళ్ళలో వాడతారు. "చివరిసారి ఎప్పుడు చదివారు?" అని అడిగి చూడండి. "చిన్నప్పుడే" అంటారు. తను చిన్నప్పుడు చదివి నవ్వుకున్న పుస్తకాన్ని తన కొడుకు కూడా అదే చోట, అంతే నవ్వు నవ్వుతూ చదవాలని ఈయన కోరిక. వాడు నవ్వకపోతే తప్పు వాడిదో, స్కూలుదో, లేకపోతే అమెరికాదో. పుస్తకానికీ ఆ పిల్లాడికీ మధ్య దూరం ఉండొచ్చన్న ఆలోచనే ఈయనకి రాదు.

రెండో బ్యాచ్ "పిల్లలు చెడిపోతారండీ" బ్యాచ్. మేష్టార్లని ఏడిపించడం నేర్పుతుంది, అమ్మానాన్నల్ని పేర్లు పెట్టి చెబుతాడు, అన్నిటికంటే ఘోరం, స్పెల్లింగులన్నీ తప్పులు! ఈ బాధ మనకొక్కళ్ళకే కాదు. మార్క్ ట్వేన్ హకల్‌బెరీ ఫిన్‌ని ఓ చదువురాని కుర్రాడి మాటల్లో రాస్తే, 1885లో అమెరికాలోని కాంకర్డ్ ఊరి లైబ్రరీవాళ్ళు ముతకగా ఉందని దాన్ని బయట పెట్టేశారు. ఆ పుస్తకాన్నే తర్వాత నండూరి రామమోహనరావు తెలుగు చేస్తే ఓ తరం పిల్లలంతా చదువుకున్నారు, ఎవరూ చెడిపోయిన దాఖలా లేదు. బుడుగులో స్పెల్లింగు తప్పులు బగ్గులు కావండీ బాబూ, ఫీచరు. చెవికి ఎలా వినబడిందో కాగితం మీద అలాగే పెట్టారు. "మా బాబు తెలుగు పాడవుతుంది" అని బుడుగుని దాచేసేవాళ్ళ ఇళ్ళలో ఆ బాబు రోజు మొత్తం మీద చదివే తెలుగు ఎన్ని లైన్లో ఎవరైనా లెక్కేస్తే బాగుండు. పాడవ్వాలన్నా ముందు కొంచెం ఉండాలిగా.

మూడోవాళ్ళంటే మాత్రం నాకు గౌరవం, ఎందుకంటే వీళ్ళు నిజంగా పుస్తకం తెరిచారు. పక్కింటావిడని లావుపాటి అని పిలవడం ఏంటి, జడల లెక్కతో ఒకమ్మాయికి పేరు పెట్టడం ఏంటి, బాబాయి ఆడపిల్ల వెంట పడటం తమాషా ఎలా అవుతుంది అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నలే. "ఆ రోజుల్లో అంతేనండీ" అన్నది జవాబు కాదు, తప్పించుకోవడం. కానీ ఆ భాగాలు కత్తిరించి పిల్లలకిద్దాం అనేదాకా వస్తే నేను ఒప్పుకోను. అడగాల్సిన ప్రశ్నని పిల్లలే అడగగలరు, వాళ్ళ ముందు ఆ పేజీ ఉంటే.

సరే, అసలు విషయానికొస్తా. ఈ ముగ్గురిలో ఒక్కళ్ళు కూడా పిల్లల్ని అడగలేదు! మన ప్రాజెక్టుల్లో ఎండ్ యూజర్‌కి చూపించకుండా మేనేజర్లు ముగ్గురు కూర్చుని టెస్టింగ్ సైన్ ఆఫ్ చేసేస్తే ఎలా ఉంటుందో, సరిగ్గా అలా ఉంది. విశాలాంధ్రవాళ్ళు వేసిన ముళ్ళపూడి సాహితీ సర్వస్వంలో బుడుగు ఉన్న సంపుటి పేరే బాలరమణీయం. మరి బాలల మాటేమిటి?

కిందటి మాఘమాసంలో తీర్థానికి ఊరెళ్ళినప్పుడు ఆ పని చేసి చూశాను. భీష్మ ఏకాదశికి మా ఊళ్ళో లక్ష్మీనరసింహస్వామి రథం లాగుతారు, ఊరంతా చుట్టాలే. పాత రథం 2020 సెప్టెంబరులో కాలిపోయింది, ఇప్పుడున్నది ఆ తర్వాత చేసిన కొత్తది. ఇంటినిండా జనం, ఫోన్లకి సిగ్నల్ లేదు (అంత జనం ఒక్కచోట చేరితే టవర్ మాత్రం ఏం చేస్తుంది). ఇంతకంటే మంచి టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ దొరకదు.

మొదట మా అక్క కూతురు. తొమ్మిదేళ్ళు, బెంగుళూరు. తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవడం మాత్రం ఒక్కో అక్షరం కూడబలుక్కుని. సీగానపెసూనాంబ దగ్గర బండి ఆగిపోయింది. సీ... గా... న... పె... సూ... "మామయ్యా, ఇది ఊరి పేరా?" అంది. నాకు అక్కడ బల్బు వెలిగింది. ఆ పేరుకి మనమెందుకు నవ్వుతాం? శ్రీ జ్ఞానప్రసూనాంబ అనే పేరు మనకి ముందే తెలుసు కాబట్టి. శ్రీకాళహస్తి అమ్మవారి పేరు అది. అసలు పేరు తెలిసినవాడికే దాని అరుగుదల వినబడుతుంది. తెలియని పిల్లకి అది ఏడు అక్షరాల నరకం. ప్రతి తప్పు స్పెల్లింగూ అంతే, ఒప్పు స్పెల్లింగు వచ్చినవాళ్ళకి మాత్రమే జోకు. అప్పుడప్పుడే అక్షరాలు కూడుకుంటున్న పిల్లల చేతిలో ఈ పుస్తకం పెట్టి "చదివి నవ్వు" అనడం దౌర్జన్యం.

అందుకని పుస్తకం నేను తీసుకుని పైకి చదవడం మొదలెట్టాను. పిల్లలు ముగ్గురయ్యారు. అదే సీగానపెసూనాంబని నోటితో అనేసరికి మేనకోడలు కిలకిలా నవ్వింది, అర్థం తెలియకుండానే. ప్రైవేటు మేష్టారి అవస్థలకి అందరూ నవ్వారు. దానికి ఏ కాలమూ అడ్డం రాదు లెండి.

మా పెదనాన్న మనవడు ఎనిమిదో తరగతి, హాస్టల్లో చదువు. పది పేజీలు విన్నాడు. "బోర్ బాబాయ్" అని లేచి వెళ్ళిపోయాడు. వెళ్ళనిచ్చాను. వాడి అభిప్రాయం వాడిది. మన భక్తులుంటే వాణ్ణి కూర్చోబెట్టి తెలుగుదనం మీద అరగంట క్లాసు పీకేవాళ్ళు, ఆ తర్వాత వాడు జన్మలో తెలుగు పుస్తకం ముట్టేవాడు కాదు.

మూడోవాడు పల్లిపాలెం నుంచి మా ఇంటికొచ్చే కుర్రాడు, ఆరో తరగతి, ఊళ్ళో గవర్నమెంటు బడి. సముద్రమ్మట ఇల్లు. వేట నుంచి పడవ వచ్చే వేళకి ఒడ్డున సాయం చెయ్యాలి, ఎండు చేపల దగ్గర కాపలా ఉండాలి, మిగిలిన టైంలో ఆట. వీడు నేను నవ్వమన్నచోట నవ్వలేదు. 'ముగుడు' అన్నప్పుడు నేనే నవ్వి వాడి మొహం కేసి చూశా. "మా నానమ్మా అలాగే అంటదన్నయ్యా" అన్నాడు, ఇందులో ఏముంది అన్నట్టు.

మన భాష, మన మట్టి అని ఊగిపోయేవాళ్ళందరూ దీని గురించి కాస్త ఆలోచించండి. మనం నవ్వేది ఆ మాట మనది కాబట్టి కాదు, మనం దాన్ని దాటొచ్చేశాం కాబట్టి. ఇంకా అలాగే మాట్లాడే ఇంట్లోంచి వచ్చినవాడికి అది జోకు కాదు, మామూలు మాట. పైగా వాడి నానమ్మ మాట అచ్చులో కనిపించడం వాడికి అదే మొదటిసారి. బడి పుస్తకంలో ఏనాడూ చూసుండడు. నా లెక్కలో బుడుగు చేసిన అసలు పని అదీ. హాస్యం ఆ తర్వాత.

ఇంకొంచెం చదివాక వాడే అడిగాడు, "ఈడికి ఇంట్లో పనేం చెప్పరా?"

నాకు తెలిసినంతలో బుడుగు మీద ఇంతకంటే సూటి విమర్శ నేను వినలేదు. నిజమేగా! ఇంటిల్లిపాదీ చుట్టూ తిరిగే పిల్లాడు. ఇంటికొచ్చి చదువు చెప్పే మేష్టార్లు, వెనకేసుకొచ్చే బామ్మ. అల్లరి చెయ్యడానికి రోజంతా తీరిక. "మన ఇంటి కథ" అంటాం కదా, ఎవరి ఇల్లండీ అది? కర్నూలావిడ ఇల్లు కాకపోవచ్చు, పల్లిపాలెం కుర్రాడిది అసలే కాదు. "మా ఇల్లు ఇలా లేదు" అని ఒక పాఠకుడు అంటే అది తెలుగుకి ద్రోహం ఎలా అవుతుంది? అది చదవడం. పుస్తకాన్ని తన జీవితం పక్కన పెట్టి చూసుకోవడం. గాజు తలుపుల వెనకాల పెట్టి పసుపూ కుంకుమా చల్లడం కంటే ముళ్ళపూడికి అదే ఎక్కువ గౌరవం అని నేననుకుంటున్నా.

ఇంతా అడిగినవాడు మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చాడు, మిగతాది చదవమని. నచ్చడం, నచ్చకపోవడం అనేవి లైటు స్విచ్చులా రెండే పొజిషన్లు కావని పిల్లలకి తెలుసు. మనకే తెలీదు.

కాబట్టి మహాప్రభో, పుట్టినరోజు బహుమతిగా బుడుగు కొంటే కొనండి, కానీ చదివిపెట్టే బాధ్యత కూడా మీదే. అది నోటితో చెప్పిన పుస్తకం. చెప్పేది రాయడం సరిగ్గా రాని పిల్లాడు. నోటితోనే వినిపించాలి. రోజుకి పావుగంట, స్టాండప్ మీటింగ్ అంత. మీ యాస ఏదైనా ఫర్లేదు. కర్నూలు యాసలో బుడుగు ఎలా ఉంటాడో వినాలని నాకైతే తెగ కుతూహలంగా ఉంది. "నాకు టైం లేదండీ" అంటారా, అయితే మీ పిల్లాడికి బుడుగు నచ్చలేదని ఎక్కడా బాధపడకండి. వాడికి మీరు ఇచ్చింది కాగితాలు మాత్రమే.

ఇంకో మాట, దీనికి మాత్రం నిజంగానే కోపం వస్తుంది. బుడుగు వచ్చి డెబ్భై ఏళ్ళు కావస్తోంది. 1947లో మొదలైన చందమామ 2010ల మొదట్లో ఆగిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పదేళ్ళ పిల్లకి తెలుగు పుస్తకం అనగానే ఆఫీసులో పదిమందికీ గుర్తొచ్చేది ఇదొక్కటే. అది బుడుగు గొప్పతనమో మన దరిద్రమో మీరే చెప్పండి. ఒక్క పుస్తకం మీద మొత్తం భాష బరువు పెడితే, అది నచ్చని పిల్లలకి వెళ్ళడానికి ఇంకో గుమ్మం ఉండదు. పల్లిపాలెం కుర్రాడు అడిగింది ఒక్క ప్రశ్నే గానీ, వాడు అడిగినలాంటి ఇల్లు, పడవ, పని ఉన్న అల్లరి పుస్తకం ఇవ్వాలంటే నాకు ఒక్క పేరూ తట్టలేదు. రాసేవాళ్ళు ఉన్నారని నా నమ్మకం. వాళ్ళని వెతికి కొని చదివేవాళ్ళే కరువు, ఎందుకంటే కొనే పని బుడుగుతోనే అయిపోయిందనుకుంటాం.

విజయవాడ పుస్తకాల పండక్కో, హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కో వెళ్ళేవాళ్ళు పిల్లల స్టాళ్ళ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడండి. ఈ పదేళ్ళలో తెలుగులోనే రాసిన (అనువాదం కాదు) పిల్లల నవల ఏదైనా మీకు దొరికితే, మీ ఇంట్లో పిల్లలకి వినిపించి, వాళ్ళేమన్నారో కూడా కలిపి ఇక్కడ పేరు రాయండి. తిట్లు ఆ తర్వాత రాద్దురుగాని.