శరణాగత ప్రాణి, గృహస్థ ధర్మం

పన్నెండేళ్లు వాకిట కాపలా కాసిన శునకానికి క్యాన్సర్ సోకినదని తెలిసిన నాడు కోనసీమ గృహస్థునికి రెండు ఉపదేశాలు వినిపిస్తాయి. ‘అది దాని ప్రారబ్ధం, అనుభవించనీయండి’ అన్నది ఒకటి. ‘ఎంత ఖర్చయినా బ్రతికించి తీరాలి’ అన్నది రెండవది. మొదటిది వైరాగ్యంలా, రెండవది ప్రేమలా కనిపిస్తుంది. విచారించి చూడగా రెండింటిలోనూ ఆ మూగప్రాణి బాధకు చోటు లేదు.

కర్మసిద్ధాంతం తన కష్టాన్ని ధైర్యంతో భరించుటకు సాధకునికి లభించిన ఆలంబనం. పరుల వేదనను చూచి ఊరకుండుటకు అది అనుజ్ఞ ఇవ్వదు. రోగం శునకానికి ప్రారబ్ధమైతే, ఆ సమయాన అది మన ఇంట ఉండుట కూడా ప్రారబ్ధమే గదా! మన చేతి ఔషధం మాత్రం ఆ కర్మఫలానికి వెలుపలిదని ఎవరు నిర్ణయించారు?

కనుమ నాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలకు మ్రొక్కే సీమ మనది. ఆ రుద్రుని స్తుతించే నమకంలో నాల్గవ అనువాకం శునకాలకూ, శునకపతులకూ చేసే నమస్కారంతో ముగుస్తుంది. ఆలయంలో ఆ మంత్రం ఆలకించి, వాకిట మూలిగే ప్రాణిని విస్మరించుట ఎట్లు పొసగుతుంది? మహాప్రస్థానంలో ఇంద్రుడు రథం తెచ్చి శునకాన్ని విడిచి రమ్మన్నప్పుడు ధర్మరాజు సమ్మతించలేదు. ఆశ్రితుని త్యజించుట మహాపాపమన్నాడు. ఆయన దానికి చిరాయువును కోరలేదు. తోడు విడువనన్నాడు, అంతే.

భాగవత పంచమస్కంధంలోని భరతుని కథను చూపి, జంతువుపై మమకారమే తగదనేవారు ఉన్నారు. ప్రవాహంలో పడిన లేడికూనను ఉద్ధరించుట దోషం కాదు. ‘ఇది నాది’ అన్న భావంలో మునిగిపోవుట బంధమైనది. చికిత్సకూ ఇదే గీటురాయి. ఈ చికిత్స దాని సుఖానికా, మన వియోగభయానికా?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పవలెనంటే ముందు రోగస్వరూపం తెలియాలి. కణితి కనబడగానే నిరాశ తగదు. ఆడకుక్కల పొదుగులో వచ్చే కణుతులలో దాదాపు సగం ప్రాణాంతకం కానివే, శస్త్రచికిత్సతో తొలగిపోవచ్చును. లింఫోమా అయితే చికిత్స లేనప్పుడు ఆయువు సాధారణంగా కొద్ది వారాలే. కీమోథెరపీతో అది పలు శునకాలకు ఏడాది వరకు పెరుగుతుంది గాని, సంపూర్ణ స్వస్థత అరుదు. శునకాలకు ఇచ్చే కీమో ముఖ్యంగా ఉన్న రోజులు సుఖంగా గడుచుటకు ఉద్దేశించినది. నొప్పి తగ్గించుటకు మనం వాడే పారాసెటమాల్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలను వైద్యుని అడగక వేయరాదు. అవి శునకానికి విషమై పరిణమించగలవు.

అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుండి పశువైద్య కళాశాల ఉన్న గన్నవరం చేరవలెనంటే వసిష్ఠ దాటి విజయవాడ చేరువ వరకు పోవాలి. మన పి.గన్నవరం కాదది. ముసలి ప్రాణికి ఆ ప్రయాణమే ఒక శ్రమ. పరీక్షకు ఒకసారి పోవుట వేరు. పలుమార్లు తిప్పుట వేరు. అందుచేత ఇష్టంగా తింటున్నదా, తానుగా లేస్తున్నదా, పిలిస్తే తోక ఊపుతున్నదా అని ప్రతిదినం చూచి క్యాలెండరులో గుర్తు పెట్టుకొనండి. చెడుదినాలు మంచిదినాలను మించితే, చికిత్స ఆపి నొప్పి నివారణకే పరిమితమగుట ధర్మచ్యుతి కాదని నా అభిప్రాయం.

ఔషధాలకూ లొంగని వేదన వచ్చినప్పుడు సుఖమరణం గురించి సంశయం కలుగుతుంది. 1928లో సబర్మతి ఆశ్రమంలో కోలుకొనే ఆశ లేక అలమటిస్తున్న దూడకు గాంధీజీ ఇంజెక్షనుతో మరణం కల్పింపజేశారు. తీవ్ర విమర్శలు వచ్చినను, అది అహింసయేనని వాదించారు. ఆయనతో ఏకీభవించని ఆస్తికులు నేటికీ ఉన్నారు. నా మట్టుకు, ఖర్చునో చాకిరీనో వదిలించుకొనుటకైతే అది హింసయే. సకల ఉపాయాలూ విఫలమైన పిమ్మట, వైద్యుని నిర్ణయంతో, ఆ ప్రాణి కొరకే అయితే కరుణయే.

ఏ మార్గం ఎంచుకొన్నా, కడపటి ఘడియలో దానికి పరిచయమైన చేయి దాని తలపై ఉండాలి. ఆ సమయాన భగవన్నామం పలుకండి. పనివారికి అప్పగించి తప్పుకొనవద్దు.