పండుగ విస్తరియు మధుమేహమును



విత్తనశుద్ధిని గూర్చియు, ఎరువుల మోతాదును గూర్చియు వ్రాయుట నా వృత్తి. ఈ మాసమున పండుగ విస్తరిని గూర్చి వ్రాయుచున్నాను. ఇది వ్యవసాయ ప్రదర్శకుని పని కాదని కొందరనవచ్చును. పొలము పచ్చగనుండి, దానిని దున్నువాడు మంచము పట్టినచో ఆ పంట యెవరికొరకు? 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధన మండలి వారి లెక్కల ప్రకారము దేశమున 10 కోట్లకు పైగా జనులకు చక్కెర జబ్బు కలదు. పల్లెలలోని వయోజనులలో నూటికి దాదాపు 9 మందికి కలదు. ఇది పట్టణపు ధనికుల జబ్బను మాట యిక చెల్లదు.

కొన్ని సంవత్సరముల క్రిందట సద్దుల బతుకమ్మనాడు మా అక్కకు జరిగిన సంగతి చెప్పెదను. ఆమె యీ జబ్బునకు గ్లిమిపిరైడ్ మాత్ర వాడుచుండెను. రాత్రి సద్దులును మలీద ముద్దలును తృప్తిగ తినవలెనను ఆశతో, “పొద్దంత తినకుంటే రాత్రికి సరిపోతది” అని తనలో తాను లెక్క వేసికొనెను. ఉదయము మాత్ర మ్రింగి చాయతోనే ప్రొద్దుపుచ్చెను. తంగేడును గునుగును పేర్చుచు మధ్యాహ్న భోజనమును మానెను. సాయంకాలము చెరువుగట్టున ఆడుచుండగా ఒడలెల్ల చెమటలు క్రమ్మెను, చేతులు వణకెను, మాటలు పొంతన తప్పెను. అమ్మవారు పూనినదని కొందరు చేతులు జోడించిరి. ఆశా కార్యకర్తగా పనిచేయు ఒక కోడలు మాత్రము సంగతి గ్రహించి, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి త్రాగించెను. పావుగంటలో అక్క తేరుకొనెను. ఏ చక్కెరకు జడిసి దినమంతయు పస్తుండెనో, ఆ చక్కెరయే ఆనాడు ఆమె ప్రాణము నిలిపెను.

నాటినుండి నాకొక అభిప్రాయము స్థిరపడినది. మధుమేహ రోగి పండుగ విస్తరియొద్ద అందరితోపాటు కూర్చుండవలెను. అందు ఎంత వడ్డింపవలెనో చెప్పు హక్కు మాత్రము అతనికే యుండవలెను. మనము ఈ రెండింటిలో ఏదియు సరిగ చేయుటలేదు. కొందరిండ్లలో రోగిని మూలకు కూర్చుండబెట్టి గట్క పోయుదురు; కొందరిండ్లలో బలవంతముగ బూరెలు కుక్కుదురు.

రోగిని పస్తుంచుటయే వైద్యమను కాలమొకటి నిజముగ నుండెను. 1921లో టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఇన్సులిన్‌ను వెలికితీసిరి. 1922 జనవరిలో అది 14 ఏండ్ల బాలునికి ఇయ్యబడెను. అంతవరకు కడుపు మాడ్చి కొన్నాళ్లు బ్రతికించుట తప్ప వైద్యులకు వేరు దారి లేకుండెను. నేడు మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో ఉచితముగ ఇయ్యబడుచున్నవి. విడువబడిన ఆ పాత శిక్షను మనకు మనమే మరల వేసికొననేల?

మనము యూరియా నంతయు ఒకేనాడు వరిమడిలో చల్లము. నాటునపుడు కొంత, పిలకలు వేయునపుడు కొంత, చిరుపొట్ట దశలో కొంత వేయుదుము. అంతయు ఒక్కమారు కుమ్మరించినచో సగము వ్యర్థమగును, పైరు పడిపోవును. దేహమునకును ఇదియే న్యాయము. పగలంతయు మాని రాత్రి నాలుగు పూటల తిండి తినుట, బీడువడిన మడికి ఒక్కసారిగ తూము ఎత్తుటవంటిది. పండుగనాడును వేళకు కొంచెము కొంచెము తినవలెను. గ్లిమిపిరైడ్ వంటి మాత్రగాని, ఇన్సులిన్‌గాని వాడువారు పూట భోజనము మానరాదు. ఉపవాసముండ దలచినవారు ముందుగ వైద్యుని అడిగి మోతాదు మార్చుకొనవలెను.

ఇక వంటకముల సంగతి. నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది, పులిహోర: పేర్లు వేరైనను అన్నియు అన్నమే. ఐదును ఐదు చిన్న ముద్దలుగ తినినచో ఒక గిన్నెడన్నము. ఐదు గరిటెలుగ తినినచో రెండు పూటల అన్నము. మొదట కూరయు పప్పును తిని, పిదప అన్నమునకు వచ్చినచో రక్తమున చక్కెర నెమ్మదిగ పెరుగును. విస్తరిలో సగము కూరగాయలుండి, పావు భాగము అన్నము, పావు భాగము పప్పుగాని మాంసముగాని యుండుట మేలు. తీపి తినదలచినవాడు ఆ మేరకు అన్నము తగ్గించుకొనవలెను. బెల్లము హాని చేయదను నమ్మకము మన పల్లెలలో బలముగ నున్నది. బెల్లములో అధికభాగము చక్కెరయే. మలీదను జొన్నరొట్టెతో చేసినను అందు పడిన బెల్లము బెల్లమే.

శ్రీరాంసాగరు కాలువ నీరు వచ్చిన పిదప మన చేలలో వరి పెరిగి జొన్న తగ్గినది. మన కంచములలోను అట్లే జరిగినది. రాజేంద్రనగరు శాస్త్రజ్ఞుల కృషి ఫలితమగు తెలంగాణ సోన, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048 వంగడపు బియ్యము, తక్కిన సన్నబియ్యముకంటె చక్కెరను మెల్లగ పెంచునని చెప్పబడుచున్నది. దానిని పండించుకొని తినుట మంచిదే. కాని మెల్లగ పెంచునది గదా యని రెండింతలు తినినచో లాభమేమి?

మన పండుగలలోనే కొంత ఔషధము గలదు. తినిన పిదప బతుకమ్మ చుట్టు ఆడుటయు, దసరానాడు జమ్మిచెట్టు వరకు నడుచుటయు చక్కెరను తగ్గించును. బండిమీద పోయి ఆకు తెచ్చుకొనువారు ఆ మేలు పోగొట్టుకొనుచున్నారు. అయితే కాళ్లలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేక నడువరాదు. ముల్లు దిగినను తెలియదు, పుండు మానదు. పరగడుపున కల్లుగాని సారాయిగాని త్రాగి మాత్ర మ్రింగుట మరియు ప్రమాదకరము. చెమట, వణకు, తడబాటు కనబడినచో మెలకువగ నున్నవానికి మూడు చెంచాల చక్కెర వెంటనే ఇయ్యవలెను. పావుగంటలో తగ్గనిచో మరల ఇయ్యవలెను. స్పృహ లేనివాని నోట ఏమియు పోయక 108కు కబురు చేయవలెను.

ఇంత చెప్పినను, రోగికంటె అతిథులను పిలిచిన ఇంటివారిదే ఎక్కువ బాధ్యతయని నా మనవి. “ఒక్కటి తింటే ఏమైతది?” అను మాట ప్రేమతోనే పుట్టును. కాని దసరానాడు పది యిండ్లకు పోవువానికి ఆ ఒక్కటి పదియగును. మిషను బడిలో చదివిననాడు క్రిస్మసు పళ్లెరములయొద్దను, పిదప మిత్రుల యింట రంజాను షీర్ ఖుర్మాయొద్దను ఇదే మాట వింటిని. వద్దన్నవానిని గౌరవము లేనివాడని తలపక, “మీకెంత పెట్టమందురు?” అని అడుగుట నేర్చుకొందము. అదియే నిజమైన మర్యాద.

మన సహకార సంఘమును ఒక మార్గము చూపవచ్చును. సర్వసభ్య సమావేశమునాడు చక్కెర వేయని చాయ వేరు పాత్రలో నుంచవలెను. లడ్డు వద్దన్నవానికి గుప్పెడు వేయించిన పల్లీలు ఇయ్యవలెను. దీనికి ఖర్చు స్వల్పము. జబ్బును దాచుకొని తినువారికి మాత్రము ఎంతో ఊరట.

మా అక్క ఇప్పుడు వేళ తప్పక తినుచున్నది. పోయిన బతుకమ్మనాడు సగము మలీద ముద్ద తీసికొని, తక్కిన సగమును మనుమరాలి చేతిలో పెట్టి, చీకటి పడువరకు ఆడినది. ఆ సగము ముద్దతో ఆమె పండుగకు లోటు కలుగలేదు.

ఇట్లు,
ఒక వ్యవసాయ ప్రదర్శకుడు,
గొల్లపల్లి.