గట్టి మేక అంటూ గాలికొదిలేస్తరా?

 

మన నాటు మేకకు సర్కారు కాగితాల్లో పేరు లేదు. 'నాన్ డిస్క్రిప్ట్' అని రాస్తరు. అంటే ఏ జాతి అని చెప్పలేనిదట. ఎండాకాలం గుట్ట మీద దొరికిన ఆకు తిని బతికి, వానల్లో తడిసి నిలబడి, ఒక్క ఈతలో రెండేసి పిల్లల్నిచ్చే జీవానికి జాతి లేదట!

అదే మేకను మీటింగుల్లో మాత్రం పొగుడుతరు: మీ మేకలు గట్టివి, రోగాలు రావు, ఖర్చుండదు అని. ఈ పొగడ్త మనకు కొత్తదా? ఆదివాసీలు గట్టోళ్లు, ఎంత దూరమైనా నడుస్తరు అనుకుంటనే గూడేలకు రోడ్డు లేకుండా, దవాఖాన లేకుండా ఇన్నేళ్లు గడిపిన్రు. మనిషికైనా మేకకైనా 'గట్టి' అన్న మాట ఏమీ ఇయ్యకుండా తప్పించుకునే సాకు అయింది.

గట్టి మేక కూడా పీపీఆర్ వస్తే చస్తది. ముక్కు కారి, నోరు పుండై, పారుడు పట్టి మందకు మందే పడిపోతది. నాలుగు నెలలు దాటిన పిల్లకు ఒక్క టీకా వేస్తే మూడేళ్ల దాకా కాపాడుతది. 2030 నాటికి ఈ రోగమే లేకుండ చేస్తమని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మంచిదే. కానీ ఆ టీకా ఐస్ డబ్బాలో చల్లగా రావాలె. దారి లేని గూడేనికి ఎట్లొస్తది? చిటుక రోగం టీకా వానలకు ముందే పడాలె. వాగు పొంగినంక వస్తే ఎవరికి లాభం? ఐదు మేకలున్న ఇంట్లో మూడు చస్తే పోయేది చెల్లె కాలేజీ ఫీజు, అవ్వ దవాఖాన ఖర్చు, పెర్సపేన్‌కు మొక్కిన జీవం.

ఇక స్కీముల సంగతి. నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్‌లో మేకల ఫారానికి సగం సబ్సిడీ ఉంది. కానీ యూనిట్ మొదలయ్యేదే 100 ఆడ మేకలు, 5 పోతులతోని. 500 మేకలు, 25 పోతులు పెట్టగలిగినోడికి 50 లక్షల దాకా సబ్సిడీ. మిగతా సగం మనం ఎక్కడ తేవాలె? పోడు పట్టా అమ్మడానికి లేదు, ఇంకొకరికి బదిలీ చేయడానికి లేదు. దాన్ని చూసి ఏ బ్యాంకు లక్షలు అప్పిస్తది? పది మేకల ఇల్లు ఈ స్కీము కంటికి కనబడదు.

అన్నిటికంటే పెద్దది మేత. నిజాం కాలంలో పశువుల మేతకు బంబ్రం పన్ను గుంజిన్రు. దానికి ఎదురుతిరిగినోడే కుమ్రం భీం. 1940లో జోడెఘాట్ గుట్టల్లో ప్రాణమిచ్చిండు. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) మేత మన సామూహిక హక్కని ఒప్పుకుంది. అయినా అడవిలోకి మందను తోలితే నేటికీ బెదిరింపులే. 2025లో పులుల కారిడార్ పేరుతో జీవో 49 తెచ్చిన్రు. ఆదివాసీలు రోడ్డెక్కితేనే అది ఆగింది.

మేకలు మొలకల్ని తినేస్తయి, అడవి ఖరాబైతది అంటరు. మేక మొలకల్ని తింటది, నిజమే. అందుకే ఏ గుట్టను ఎన్నాళ్లు మూయాలె, మందను ఎటు తోలాలె అని నిర్ణయించే అధికారం అదే చట్టం సెక్షన్ 5 గ్రామసభకు ఇచ్చింది. ఆ అధికారాన్ని పక్కకు పెట్టి మేకను దొంగను చేస్తే అడవి పెరగదు.

మన డిమాండ్లు సూటిగున్నయి. సామూహిక హక్కు పత్రాల్లో మేతను స్పష్టంగా రాయాలె. వానలకు ముందే ప్రతి గూడేనికి టీకాలు, నట్టల మందు చేరాలె. గూడెంలో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, జీతమిచ్చి ఆ పని అప్పజెప్పాలె. పది మేకల ఇంటికి సరిపోయే స్కీము కావాలె. సంతలో దళారి కంటి చూపుతో ధర కట్టుడు బందయి, కాంటా పెట్టాలె.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! యూట్యూబ్‌ల బోయర్, జమునాపారి పోతుల్ని చూసి అప్పు చెయ్యకుండ్రి. ఒకటి దక్షిణాఫ్రికాది, ఇంకొకటి యమునా తీరానిది. మన గుట్టను ఎరిగింది మన మేకే. బరువుందని మంచి పోతును ముందే అమ్ముతున్నం. ఇక అది మందలో ఉండాలె. రెండేళ్లకోసారి పక్క గూడెంతో పోతుల్ని మార్చుకోండ్రి. వచ్చే గ్రామసభలో మేత హక్కు మీద తీర్మానం రాయించి, నకలు తీసుకోండ్రి.

మన మేకకు పేరు మనమే పెట్టుకుందాం, మన గూడెంలనే.

జల్, జంగల్, జమీన్ మనదే! జై కుమ్రం భీం!