లోపల ఎవరున్నారు?

"ఈ పరికరాన్ని మరో అప్లికేషన్ వాడుతోంది. దాన్ని మూసేసి మళ్లీ ప్రయత్నించండి." కంప్యూటర్ చెప్పే మాటల్లో నాకు బాగా ఒళ్లు మండించేది ఇదే. వాడుతున్నది ఏదో చెప్పదు, చెప్పకుండానే దాన్ని మూసేయమంటుంది. కింద మాత్రం అక్షరాలూ అంకెలూ కలగలిసిన కోడొకటి పడేస్తుంది. ఇక దాన్ని పట్టుకుని మనం గూగుల్ వెంటపడాలి. పెళ్లివారింట్లో బాత్రూం తలుపుకి గడియ పడి ఉంటే "ఎవరు లోపల?" అని అడుగుతాం. లోపలున్నవాళ్లు కనీసం దగ్గుతారు. ఇక్కడ ఆ దగ్గు కూడా ఉండదు.

మా అన్నయ్య కూతురు ఉద్యోగం ఇంటర్వ్యూకి కూర్చోబోతూ ఫోన్ చేసింది. "బాబాయ్, ల్యాప్‌టాప్ కెమెరా పాడైపోయింది. పావుగంటలో ఇంటర్వ్యూ."

"కంగారు పడకమ్మా, స్క్రీన్ మీద ఏం రాసుందో చదువు."

"ఎవరో వాడుతున్నారంట. ఇంట్లో నేనూ అమ్మా తప్ప ఎవరూ లేరు. అమ్మేమో వంటింట్లో ఉంది."

వెతగ్గా వెతగ్గా దొరికింది. ల్యాప్‌టాప్ తయారుచేసినవాళ్లే ఎక్కించి పంపిన, ముఖాన్ని నున్నగా చూపించే ప్రోగ్రామొకటి గడియారం పక్కన చిన్న బొమ్మగా కూర్చుని కెమెరాను పట్టుకుంది. దాన్ని ఆ పిల్ల ఏనాడూ తెరవలేదు. మిషన్ ఆన్ చేసినప్పుడల్లా తనంతట తనే లేస్తుందట. ఇంటర్వ్యూ సంగతి సరే, బాగానే జరిగింది. సొంత డబ్బు పోసి కొన్న కెమెరా ఎవరి చేతిలో ఉందో కొన్న మనిషికి తెలియకపోవడం ఏమిటన్నదే నా గొడవ. ఒక పరికరాన్ని ఒక ప్రోగ్రామ్ ఒంటరిగా పట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. కొన్నిచోట్ల అదే సరైన పద్ధతి. పట్టుకున్నవాళ్ల పేరు యజమానికి చెప్పకపోవడం మాత్రం నాకు మింగుడు పడదు.

ప్రింటర్ దగ్గర ఈ తగువు ఎన్నడో తీరిపోయింది. ఆఫీసులో పదిమంది ఒకేసారి ప్రింట్ కొట్టినా స్పూలర్ అనే ప్రోగ్రామ్ అన్నిటినీ వరసలో నిలబెట్టి ఒక్కొక్కటే పంపుతుంది. ఆ వరస తెరిచి చూస్తే ఎవరి కాగితం ముందుందో, ఎన్ని పేజీలో పేరుతో సహా కనబడుతుంది. కాగితం కాస్త ఆలస్యంగా వచ్చినా కొంప మునగదు కాబట్టి అక్కడ వరస కుదిరింది. స్పీకర్‌కి కుదరదు. పాట పూర్తయ్యేదాకా వీడియో కాల్ మాట ఆగుతుందా? అయితే శబ్దాలను కలపొచ్చు. రెండు పాటల అంకెలనీ కూడి పంపితే రెండూ వినిపిస్తాయి. కెమెరా బొమ్మకి నకళ్లు తీసి పంచవచ్చు.

సీరియల్ పోర్టుకి వీటిలో ఏదీ అంత తేలిగ్గా అతకదు. ఇంజనీరింగ్ కాలేజీలో ఆర్డుయినో బోర్డుతో కుస్తీ పట్టిన ప్రతివాళ్లకీ 'యాక్సెస్ ఈజ్ డినైడ్' సుపరిచితం. విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఆ పోర్టును తెరిచిందంటే రెండోదాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. వెనక విండోలో పుట్టీ అనే ప్రోగ్రామ్‌లో అదే పోర్టు తెరిచి మరిచిపోయి, కేబుల్ మార్చి, బోర్డు మార్చి, ఆఖరికి ల్యాబ్ సార్‌ని పిలిచేదాకా వెళ్తుంది వ్యవహారం. లినక్స్‌ది ఇంకో తంతు. అక్కడ మామూలుగా రెండు ప్రోగ్రాములు ఒకే పోర్టును తెరవగలవు. ఆ తర్వాతి తమాషా చూడాలి. బోర్డు '27.4' అని గది ఉష్ణోగ్రత పంపిందనుకోండి. వచ్చిన అక్షరాన్ని ఎవరు ముందు చదివితే అది వాళ్లదే, రెండోవాళ్లకి మిగలదు. ఒకరికి '2', చుక్క అందితే రెండోవారికి '7', '4' అందుతాయి. ఒక ప్రోగ్రామ్ గదిలో 2 డిగ్రీలని వణుకుతుంది, రెండోది 74 అని కేకలేస్తుంది. ఇలా పంచుకునే బదులు గడియ వేసుకోవడమే నయం. అందుకే 'ఇక ఇది నాకొక్కదానికే' అని కెర్నెల్‌కి చెప్పే ఏర్పాటు లినక్స్‌లోనూ ఉంది. అలా చెప్పాక అడ్మిన్ హక్కులున్నవాళ్లు తప్ప వేరెవరూ ఆ పోర్టును తెరవలేరు.

యూనిక్స్ మోడెమ్‌ల రోజుల్లో దీనికి ఇంతకన్నా మర్యాదైన ఆచారం ఉండేది. మోడెమ్‌ను తీసుకోబోయే ప్రోగ్రామ్ ముందుగా ఒక లాక్ ఫైలు రాసి పెట్టేది. ఫైలు పేరులో పోర్టు పేరు, లోపల తన ప్రాసెస్ నంబరు. రెండో ప్రోగ్రామ్ వచ్చి ఆ నంబరు చదివి, ఆ ప్రాసెస్ బతికే ఉందా అని చూసుకునేది. ఉంటే వెనక్కి తగ్గేది, చచ్చిపోయి ఉంటే ఫైలు తీసేసి తను కూర్చునేది. మనిషి వెళ్లి చూసినా అందులో నంబరు దొరికేది. చిన్న టెక్స్ట్ ఫైలుతో జరిగిన పని అది.

ఇక శబ్దం దగ్గరికి వద్దాం, అసలు రసవత్తరమైన ఘట్టం అక్కడే. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో సౌండ్ తెరిచి, స్పీకర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్లండి. కింద రెండు చెక్ బాక్సులుంటాయి. ఈ పరికరాన్ని పూర్తిగా తమ చేతిలోకి తీసుకునే వీలు అప్లికేషన్లకు ఇవ్వాలా అని మొదటిది అడుగుతుంది. అలా తీసుకునేవాటికి మిగతావాటికన్నా ముందు పీట వేయాలా అని రెండోది. సాధారణంగా రెండింటికీ టిక్ పెట్టే ఇస్తారు. మనం చదవకుండానే మన తరఫున ఒప్పుకున్న ఒప్పందం అన్నమాట.

2007లో విండోస్ విస్టాతో వచ్చిన శబ్ద వ్యవస్థ ఇది. మామూలు పద్ధతిలో అన్ని ప్రోగ్రాముల శబ్దాలూ ఒక ఆడియో ఇంజన్‌లోకి వెళ్తాయి, అది కలిపి స్పీకర్‌కి పంపుతుంది. కలపాలంటే అన్నీ ఒకే కొలతలో ఉండాలి. సీడీ పాటలో సెకనుకి 44,100 నమూనాలు, వీడియోల్లో సాధారణంగా 48,000. ఇంజన్‌ని 48,000 దగ్గర పెడితే సీడీ పాట నమూనాలన్నిటినీ మళ్లీ లెక్కగట్టి సాగదీయాలి. సంగీతం మీద పట్టింపున్నవాళ్లు దీనికి ఒప్పుకోరు. ఘంటసాల గొంతు ఎలా రికార్డయిందో అలాగే రావాలంటారు. తేడా చెవికి తెలుస్తుందా అన్న వాదనలోకి నేను దిగను, స్నేహాలు చెడతాయి.

రికార్డింగ్ చేసుకునేవాళ్ల బాధ మాత్రం నిజమైనది. ఇంజన్ గుండా వెళ్లే శబ్దం మామూలుగా 10 మిల్లీసెకన్ల ముద్దలుగా కదులుతుంది, పైగా రావడంలోనూ పోవడంలోనూ ఇంకొంత జాప్యం చేరుతుంది. హెడ్‌ఫోన్స్‌లో తన గొంతే తనకు ఆలస్యంగా వినబడితే ఎంతటి గాయకుడికైనా తాళం తప్పుతుంది. ఈ తంటా పడలేకనే 1997లో స్టైన్‌బర్గ్ కంపెనీ విండోస్ మిక్సర్‌ని పక్కకు నెట్టి నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడే ఏఎస్ఐఓ పద్ధతి తెచ్చింది. శ్రీరామనవమి పందిట్లో ల్యాప్‌టాప్ నుంచి పాటలు వేసే కుర్రాడికి కూడా ఎక్స్‌క్లూజివ్ మోడ్ అనే ఈ ఒంటరి హక్కు పనికొస్తుంది. సీతారాముల కల్యాణం మధ్యలో వాట్సాప్ 'టింగ్'మని ఊరంతా వినబడకూడదంటే అదో దారి.

కాబట్టి హక్కు ఉండాల్సిందే. కానీ పాటల ప్లేయర్ ఒకటి స్పీకర్‌ని అలా పట్టుకుని కూర్చున్నప్పుడు బ్రౌజర్‌లో వీడియో పెడితే ఏమవుతుంది? బొమ్మ కదులుతుంది, మాట రాదు. ఒక్కోసారి వీడియో కదలనే కదలదు. స్పీకర్ ఫలానా ప్లేయర్ దగ్గరుందని మాత్రం ఎవరూ చెప్పరు. వాల్యూమ్ మిక్సర్ తెరిచినా అంతే. తెలియనివాళ్లు డ్రైవర్ తీసేసి మళ్లీ వేస్తారు, ఇంకా తెలియనివాళ్లు షాపుకి తీసుకెళ్తారు. మామూలు ఇళ్లలో ఆ రెండో టిక్ తీసేయమనే నా సలహా. అప్పుడు ఎవరూ స్పీకర్ వాడనప్పుడే ఒంటరి హక్కు దొరుకుతుంది, వింటున్నవాళ్ల నోట్లోంచి లాక్కునే వీలుండదు.

ఆపిల్ మాక్‌లోనూ ఇలాంటి ఒంటరి హక్కు ఉంది, దాన్ని హాగ్ మోడ్ అంటారు. అక్కడ పరికరం వివరాల్లోనే పట్టుకున్న ప్రాసెస్ నంబరు నమోదవుతుంది, ఎవరూ పట్టుకోకపోతే మైనస్ 1. లినక్స్‌వాళ్లు ఇంకో మెట్టు పైకెళ్లారు. అక్కడ రోజువారీ శబ్దాలు చూసుకునే పల్స్ ఆడియోకీ, స్టూడియో పనులకి వాడే జాక్‌కీ సౌండ్ కార్డు దగ్గర గిల్లికజ్జాలు వచ్చేవి. వాటి మధ్య రాజీకి ఒక నియమావళి రాసుకున్నారు. కార్డు తీసుకున్నవాళ్లు ఇది నా దగ్గరుంది అని అందరికీ కనబడేలా తమ పేరు, తమ ప్రాధాన్యం అంకె రాసిపెట్టాలి. రెండోవాళ్లు లాక్కోకూడదు, తమ అంకె చెప్పి ఇస్తావా అని అడగాలి. ఉన్నవాళ్లు చేతిలో పని సర్దుకుని ఇవ్వచ్చు, తమ అంకె పెద్దదైతే కుదరదనవచ్చు. నేను చూసిన ఏర్పాట్లలో ఇంత పెద్దమనిషి తరహా ఇంకోటి లేదు. విచిత్రమేమిటంటే ఇది జీతమిచ్చే ఏ ఒక్క కంపెనీ ఆజ్ఞా కాదు, వేర్వేరు ప్రోగ్రాములు రాసేవాళ్లు తమలో తాము ఒప్పుకున్న మాట.

అలాగని పంచిపెట్టడమేమీ ఊరికే రాదు. 2016 ఆగస్టులో విండోస్ 10 కి వచ్చిన పెద్ద అప్‌డేట్ ఇందుకు ఉదాహరణ. ఒకే కెమెరాను అనేక ప్రోగ్రాములు వాడుకునేలా ఫ్రేమ్ సర్వర్ అనే మధ్యవర్తిని పెట్టారు. మంచి ఉద్దేశమే. కానీ ఒకే వీడియోని ప్రతి ప్రోగ్రామూ విడివిడిగా విప్పుకుంటే మిషన్ మీద భారం పడుతుందని, కెమెరాలు కుదించి పంపే ఎంజేపెగ్, హెచ్.264 వీడియోలను ప్రోగ్రాములకు నేరుగా అందకుండా ఆపేశారు. దాంతో స్కైప్ లాంటి చోట్ల చాలామంది వెబ్‌క్యామ్‌లు బిగుసుకుపోయాయి. ముందుగా సరిగా చెప్పలేదని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లే ఒప్పుకుని, తర్వాత సవరణ పంపారు. మళ్లీ 2024 చివర్లో, విండోస్ 11 పరీక్షా విడతల్లో, ఒక కెమెరాను ఒకేసారి అనేక అప్లికేషన్లకు ఇచ్చే స్విచ్ కనబడింది. దాన్ని మొదట తయారుచేసింది వినికిడి లోపం ఉన్నవాళ్ల కోసమట. వాళ్ల వీడియో ఒకపక్క సైగల భాష అనువాదకులకూ మరోపక్క అసలు సభకూ ఒకేసారి వెళ్లాలి. రెండు ప్రోగ్రాములకు ఒక కెమెరా ఎందుకు అని పెదవి విరిచేవాళ్లకి ఈ ఒక్క జవాబు చాలు.

ఫోన్లలో కథ వేరు. ఆండ్రాయిడ్‌లో 2019 నాటి 10వ వెర్షన్ నుంచి రెండు మామూలు యాప్‌లు మైకు అడిగితే, తెర మీద ముందున్నదానికి గొంతు వెళ్తుంది. రెండోదాన్ని పొమ్మనరు, మైకు ఇచ్చినట్టే ఇచ్చి నిశ్శబ్దం పోస్తారు. రికార్డింగ్ గడియారం తిరుగుతూనే ఉంటుంది, ఫైలు తయారవుతూనే ఉంటుంది, తీరా వింటే అందులో ఏమీ ఉండదు. ముఖం మీద లేదనడం కన్నా ఇది అన్యాయమని నా అభిప్రాయం. అయినా ఒక విషయంలో ఫోన్లకి మార్కులు వేయాలి. 2020లో ఐఫోన్లకూ, 2021లో ఆండ్రాయిడ్‌కూ తెర మూలన చిన్న చుక్క వచ్చింది, ఇప్పుడు మైకో కెమెరానో ఎవరో వాడుతున్నారని. పై నుంచి కిందికి లాగి చూస్తే ఆ యాప్ పేరు తెలుస్తుంది.

విండోస్‌కి ఆ పేరు తెలియదా అంటే, తెలుసు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో కెమెరా పేజీ తెరిస్తే ఏ ప్రోగ్రామ్ ప్రస్తుతం వాడుతోందో దాని పేరు కిందే రాసి ఉంటుంది. ఆ పేజీలో తెలిసిన పేరు, ఇటు పిల్ల ఇంటర్వ్యూకి కూర్చున్నప్పుడు వచ్చే పెట్టెలో ఎందుకుండదు? అడిగిన ప్రోగ్రామ్‌కి పక్కవాళ్ల రహస్యం చెప్పకూడదు కదా అంటారు సెక్యూరిటీవాళ్లు. నిజమే, ఏ దొంగ ప్రోగ్రామో ఊరికే అడుగుతూ ఎవరు ఎప్పుడు కెమెరా వాడుతున్నారో కూపీ లాగవచ్చు. కానీ నేనడిగేది ప్రోగ్రామ్‌కి చెప్పమని కాదు. ఆపరేటింగ్ సిస్టమే తన సొంత పెట్టెలో, ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పాలి. పక్కనే 'విడిపించు' అని ఒక మీట పెట్టాలి.

ఇదేదో ల్యాప్‌టాప్‌లున్న ఇళ్ల గొడవ అనుకునేవాళ్లు వేలిముద్రల మిషన్ వైపు చూడాలి. ఆధార్ సంస్థ 2017 నుంచి తెచ్చిన ఆర్‌డీ సర్వీస్ ఏర్పాటు ఆలోచనలో చక్కనిది. బ్యాంకు మిత్ర దగ్గరున్న అప్లికేషన్ వేలిముద్రను నేరుగా తాకలేదు. మధ్యలో ఉన్న సర్వీసే ముద్ర తీసుకుని, గుప్తంగా మార్చి, సంతకం చేసి అప్లికేషన్ చేతికిస్తుంది. ఆ సర్వీస్ కంప్యూటర్‌లో 11100 నుంచి 11120 వరకు ఉన్న నెట్‌వర్క్ పోర్టుల్లో ఒకదాని మీద కూర్చుని ఉంటుంది. అప్లికేషన్ వచ్చి స్థితి ఏమిటని అడిగితే ఇచ్చే జవాబుల్లో 'సిద్ధం', 'సిద్ధంగా లేదు' అన్న వాటితోపాటు 'వాడకంలో ఉంది' అన్నదొకటి. ఎవరి వాడకంలో? ఆ గడి లేదు. పక్క ట్యాబ్‌లో నిన్నటి పేజీ తెరిచి ఉన్నా, వెనక ఇంకో పోర్టల్ అడ్డం పడినా కౌంటర్ మీదున్న కుర్రాడికి తెలిసే దారి లేదు. అతను "సర్వర్ డౌన్ మామ్మా, రేపు రండి" అనేస్తాడు, అది అబద్ధమని అతనికీ తెలియదు. ఇక్కడ కూడా అప్లికేషన్‌కి చెప్పనక్కర్లేదు. తాళం తన దగ్గరే ఉన్న ఆ సర్వీసే, తెర మీద ఒక వరుసలో, ఆ కుర్రాడికి పేరు చూపిస్తే సరిపోతుంది.